డోర్నకల్ బిషప్ అజరయ్య గారు – ఒక పరిచయం



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితం గురించి వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. గాంధీగారి గురించి, ప్రకాశం పంతులుగారి గురించి మన సంచికల్లో నాకన్న బాగా వ్రాసినవారు ఉన్నారు. అందుచేత మన తెలుగు నేలమీద ముప్పై అయిదేళ్ళు పనిచేసి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయి, మనలో చాలామందికి పేరు మాత్రమే తెలిసి ఉన్న ఒకరిని ఎంచుకున్నాను. ఆయనే డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు.

నేను క్రైస్తవుణ్ణి కాను. మతం గురించి వాదించడానికి గాని, ప్రచారం చేయడానికి గాని ఈ వ్యాసం వ్రాయడం లేదు. ఉద్యోగరీత్యా ఖమ్మం, వరంగల్లు ప్రాంతాల్లో తిరిగిన రోజుల్లో డోర్నకల్ జంక్షన్‌లో బండి మారడానికి గంటల తరబడి కాచుకుని ఉండేవాడిని. ఆ ఖాళీ సమయంలో ఊళ్ళోకి నడిచి వెళ్ళి అక్కడి పెద్ద గుడిని చూడడం, దాన్ని కట్టించిన మనిషి గురించి విచారించడం, తరువాత దొరికిన పుస్తకాలు చదవడం అలవాటయింది. తన దైవభక్తిని ఒక మనిషి పదిమందిని నడిపించడానికి, నిలబెట్టడానికి ఎలా వినియోగించాడో తెలుసుకోవడం ఏ మతంవారికైనా ఉపయోగమేనని నా అభిప్రాయం.

అజరయ్య గారు పుట్టుకతో తెలుగువారు కారు. 1874వ సంవత్సరం ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాలన్‌విళై అనే చిన్న పల్లెలో తమిళ కుటుంబంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ పల్లె పాదిరీ. తల్లి ఎలెన్ గారు భక్తిలోను, క్రమశిక్షణలోను గట్టి మనిషి. వారిది నాడార్ కులం. ఆ రోజుల్లో దక్షిణాదిన ఆ కులంవారికి గుడి ప్రవేశం లేదు, ఎన్నో అవమానాలు ఉండేవి. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాతి కథ బాగా అర్థమవుతుంది.

పైచదువుకు మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు వెళ్ళారు. చదివారు గాని పట్టా చేతికి రాకుండానే బయటికి వచ్చారు. 1895లో వై.ఎం.సి.ఏ. సంస్థలో కార్యదర్శిగా చేరి, పధ్నాలుగేళ్ళు దక్షిణ దేశమంతా తిరిగి యువకుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారితో వివాహం జరిగింది. నలుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగారు. ఆమె డోర్నకల్‌లో భర్తతో సమానంగా స్త్రీల మధ్య పనిచేసిన ఇల్లాలు.

1902లో పనిమీద సింహళ ద్వీపంలోని యాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంతంగా డబ్బు పోగుచేసుకుని, తమలోనివారినే మన దేశానికి ప్రచారకులుగా పంపుతున్న సంగతి చూశారు. తిరునెల్వేలిలో వేల సంఖ్యలో క్రైస్తవులుండగా తాము మాత్రం అన్నిటికీ విదేశీ దొరల చేతులవైపు చూస్తూ కూర్చున్నామనే ఆలోచన ఆయనను నిద్రపోనివ్వలేదు. మరుసటి సంవత్సరం, అంటే 1903 ఫిబ్రవరి 12న, కొందరు మిత్రులతో కలసి తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. దాని నియమం సామాన్యమైనది. మనుషులూ మనవాళ్ళే, డబ్బూ మనదే, నడిపేదీ మనమే. విదేశాల నుండి పైసా తీసుకోరు.

అలాగే 1905 డిసెంబరు 25న బెంగాలులోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ అనే అఖిల భారత సంస్థ ఏర్పడింది. దానిలోను అజరయ్య గారిది ముఖ్యపాత్ర. 1905 అంటే బెంగాలు విభజన జరిగి స్వదేశీ ఉద్యమం రగులుతున్న సంవత్సరం. విదేశీ వస్త్రం వద్దని దేశం అంటున్న కాలంలోనే, మతసేవలోనూ పరాయి పోషణ వద్దని ఈ క్రైస్తవులు తీర్మానించుకున్నారన్న సంగతి మన చరిత్ర పుస్తకాల్లో అంతగా కనబడదు.

తిరునెల్వేలి సంఘంవారు పనికి ఎన్నుకున్న చోటు వందల మైళ్ళ దూరాన నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్. కాజీపేట – బెజవాడ రైలుమార్గం మీద, సింగరేణి బొగ్గుగనులున్న ఇల్లందుకు చీలిక మార్గం బయలుదేరే జంక్షన్ అది. చుట్టూ అడవి, మెట్టపొలాలు, పేద పల్లెలు. ఇప్పుడు అది తెలంగాణలో, 2016లో ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

కొంతకాలం తిరునెల్వేలి నుండే ఆ పనిని పర్యవేక్షించిన అజరయ్య గారికి ఒక ప్రశ్న ఎదురయింది. పదిమందిని వెళ్ళండని పురికొల్పుతున్న తాను ఎందుకు వెళ్ళకూడదు? వై.ఎం.సి.ఏ.లో మంచి హోదా, దేశవిదేశాల్లో పేరు ఉన్నాయి. 1907లో జపాను రాజధాని టోక్యోలో జరిగిన విద్యార్థుల మహాసభకు కూడా వెళ్ళివచ్చారు. అన్నీ వదులుకుని 1909లో గురుత్వ అభిషేకం పొంది డోర్నకల్ చేరారు. అప్పటికి ముప్పై అయిదేళ్ళు. ఆ వయసులో అక్షరాలు దిద్దుకుని తెలుగు నేర్చుకున్నారు. బదిలీ మీద భాష తెలియని చోటుకు వెళ్ళిన మన మిత్రులకు ఆ కష్టం తెలుసు. అయితే మనం ఆజ్ఞమీద వెళ్ళాం. ఆయన తనంత తాను వెళ్ళారు.

మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియావారు ఇరవైమంది కూడా లేరు. వారిలో అజరయ్య గారు ఒకరు. దొరలకూ దేశీయ సేవకులకూ మధ్య సహకారం గురించి మాట్లాడమని ఆయనకు అవకాశం ఇచ్చారు. ఆయన మొగమాటపడలేదు. విదేశీ మిషనరీల త్యాగాన్ని నిండుగా మెచ్చుకున్నారు. ఆ తరువాత, వారు దేశీయులతో యజమానుల వలె వ్యవహరిస్తున్నారే గాని మిత్రుల వలె కలవడం లేదని, ఏళ్ళ తరబడి కలసి పనిచేసినా ఒక పూట పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టడం అరుదని నిండు సభలో చెప్పారు. దానధర్మాలూ ప్రాణత్యాగాలూ అందాయి, ఇక కావలసింది స్నేహం అనేది ఆయన ప్రసంగ సారాంశం. ఆ మాటలకు సభలో కొందరు నొచ్చుకున్నారు. కాని నూరేళ్ళు దాటినా క్రైస్తవ లోకంలో ఆ ప్రసంగాన్ని తలచుకుంటూనే ఉన్నారు.

తెల్లదొరల పాలనలో, తెల్లదొరల డబ్బుతో నడిచే వ్యవస్థలో ఉంటూ ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఆఫీసుల్లో పనిచేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. పైఅధికారిని వెనుక విమర్శించేవారు చాలామంది. ఎదుట, మర్యాద తప్పకుండా, ద్వేషం లేకుండా చెప్పేవారు బహు తక్కువ.

మద్రాసు బిషప్‌గా ఉన్న హెన్రీ వైట్‌హెడ్ గారు అజరయ్య గారి శక్తిని గుర్తించిన ఆంగ్లేయుడు. డోర్నకల్‌కు ప్రత్యేకంగా ఒక బిషప్ ఉండాలని, ఆ పదవి భారతీయునికే ఇవ్వాలని పట్టుపట్టారు. బిషప్ అంటే ఒక ప్రాంతంలోని క్రైస్తవ ఆలయాలకు, పాదిరీలకు, బడులకు అందరికీ పైన ఉండే పెద్ద. ఆ ప్రాంతాన్ని అధ్యక్ష ఖండం అంటారు. మన లెక్కలో జిల్లాకు కలెక్టరు వంటివారన్న మాట. ఆంగ్లికన్ సంఘంలో అప్పటివరకు ఒక్క భారతీయుడు కూడా ఆ పదవిలో లేరు.

అభ్యంతరాలు రెండు వైపుల నుండి వచ్చాయి. తెల్లవారిపై నల్లవాడు అధికారం చేయడమేమిటని కొందరు ఆంగ్లేయులు అన్నారు. నాడార్ కులస్థునికి అంత పదవి ఏమిటని తిరునెల్వేలిలోని కొందరు పైకులపు క్రైస్తవులు కూడా అన్నారు. మతం మారినా కులం మారలేదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. ఏమైనా 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో అజరయ్య గారికి బిషప్‌గా అభిషేకం జరిగింది. అప్పటికి ఆయన వయసు ముప్పై ఎనిమిది. అది మొదలు 1945లో కన్నుమూసే వరకు ఆంగ్లికన్ అధ్యక్ష ఖండానికి అధిపతిగా ఉన్న భారతీయుడు ఆయన ఒక్కరే. ముప్పై రెండేళ్ళలో రెండవవానికి అవకాశం రాలేదంటే ఆ తలుపు ఎంత బరువైనదో ఊహించుకోవచ్చు.

మొదట చిన్నదిగా ఉన్న అధ్యక్ష ఖండం కృష్ణా జిల్లాలోని పాత మిషన్ ప్రాంతాలు కూడా కలిసి చాలా పెద్దదయింది. కొంత నిజాం రాజ్యంలో, కొంత బ్రిటిషు ఆంధ్రలో ఉండేది. అక్కడి క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ పేటలవారు. పాలేరుతనం, వెట్టి, అప్పు, ఆకలి తప్ప వేరే ఎరగనివారు. పేట పేటంతా కలిసి క్రైస్తవంలో చేరిన కాలం అది. 1941 నాటికి అజరయ్య గారి అధ్యక్ష ఖండంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

సంఖ్య పెరిగినంతమాత్రాన సంఘం నిలవదని ఆయనకు తెలుసు. పల్లెలను పట్టి పీడిస్తున్న దయ్యాలు నాలుగని చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగింటినీ వెళ్ళగొట్టకుండా చేసే ప్రార్థన చాలదని ఆయన నమ్మకం. అందుచేత పల్లెకొక బడిపంతులు, సహకార పరపతి సంఘాలు, వైద్యశాలలు, ముద్రణాలయం, పాదిరీల శిక్షణకు వేదపాఠశాల ఏర్పాటు చేశారు. గ్రామ ఉపాధ్యాయుల సంఖ్య సుమారు రెండు వేలకు చేరింది. పాదిరీలుగా శిక్షణ పొందేవారితోపాటు వారి భార్యలకు కూడా చదువు చెప్పించారు. రైలు వెళ్ళే చోటికి రైలులో, మిగతా చోట్లకు ఎడ్లబండిలోను, కాలినడకను ఏడాదిలో ఎక్కువ భాగం పల్లెల్లోనే గడిపేవారు.

డబ్బు విషయంలో ఆయన పట్టుదల ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పేదవాడు తీసుకోవడానికే పుట్టాడనే మాటను ఆయన ఒప్పుకోలేదు. ఇవ్వగలిగినవాడికే గౌరవం ఉంటుందని, ఇవ్వడం నేర్వని సంఘం ఎప్పటికీ తన కాళ్ళమీద నిలబడదని బోధించారు. క్రైస్తవులు ఎందుకు, ఎలా ఇవ్వాలన్న అంశంపై ఒక పుస్తకమే వ్రాశారు. పంట చేతికి వచ్చినప్పుడు కోతపండుగ చేసి, ధాన్యమో, కోడో, గుడ్లో, ఎవరి శక్తికొలది వారు గుడికి తెచ్చేవారు. ఇంటి ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. నాతో పనిచేసిన ఒక మిత్రుని నాయనమ్మగారు తన చివరి రోజుల వరకు ఆ పిడికెడు బియ్యం తీయడం మానలేదట. ఆ రోజు తమకు అర్ధాకలి అయినా సరే, కుండలో పిడికెడు పడేదని ఆయన గర్వంగా చెప్పేవారు.

మన సంఘానికి ఏడాది చందా అడిగితే వచ్చే నెల చూద్దామనే మిత్రులు ఈ పిడికెడు బియ్యం సంగతి ఒకసారి ఆలోచించవలసిందిగా మనవి. చందా మొత్తం చిన్నదే. కాని దానివల్ల సంఘం మనది అవుతుంది.

మాల పేటకు, మాదిగ పేటకు మధ్య ఉన్న గోడ ఆయనకు తలనొప్పిగా ఉండేది. ఇద్దరూ క్రైస్తవులే అయినా ఒకరి చేతి నీరు మరొకరు తాగని రోజులు. ప్రభురాత్రి భోజన సంస్కారంలో అందరూ ఒకే గిన్నెలోని రసం పుచ్చుకోవాలి. అక్కడ వేరు గిన్నె ఉండదు. కులాన్ని గుడి గడప దాటనివ్వకూడదనే విషయంలో ఆయన రాజీపడలేదు. పూర్తిగా గెలిచారని చెప్పలేము. పెళ్ళి సంబంధాల దగ్గర కులం ఈనాటికీ నిలిచే ఉంది. అయినా బాప్తిస్మం పొందిన పేటల్లో తాగుడు తగ్గి, పిల్లలు బడికి పోతూ, ఇళ్ళు శుభ్రపడడం చూసి, 1930 ప్రాంతంలో కొన్ని ఇతర కులాలవారు కూడా క్రైస్తవంవైపు చూశారు. అణగారినవాని జీవితంలో వచ్చిన మార్పే పైవానికి పాఠమయిందని అజరయ్య గారు సంతోషించేవారు.

దొరతనాన్ని ఆయన నెత్తిన పెట్టుకోలేదనడానికి డోర్నకల్ గుడే సాక్ష్యం. మన తెలంగాణలోనే మెదక్‌లో 1924లో పూర్తయిన చర్చి పూర్తిగా ఐరోపా పద్ధతిలో ఎంతో గొప్పగా ఉంటుంది. అజరయ్య గారు అలా కట్టించలేదు. దేవాలయాల్లో కనిపించే చెక్కడపు స్తంభాలను, మసీదుల్లో కనిపించే గుమ్మటాలను కలిపి, ఈ దేశపు గుడి అనిపించేలా కట్టించారు. నిధులు చాలక ఏళ్ళ తరబడి సాగిన ఆ నిర్మాణం పూర్తయి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆరాధనలోను తెలుగు కీర్తనలను, మన రాగతాళాలను, పండుగల ఊరేగింపులను ప్రోత్సహించారు. ఏసును నమ్మడానికి ఆంగ్లేయుడు కానక్కరలేదని ఆయన చేతలతో చూపించారు. ఆయన విద్వత్తును గుర్తించి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మద్రాసులో పట్టా అందుకోకుండా వచ్చిన విద్యార్థికి ఇది దక్కింది.

ఇక ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం. 1932లో బ్రిటిషు ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించింది. ముస్లింలకు, సిక్కులకు, క్రైస్తవులకు, అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు. అంటే క్రైస్తవులు క్రైస్తవులకే ఓటు వేసుకుని తమ సభ్యుణ్ణి పంపుకోవచ్చు. నాయకుడైనవాడు ఎగిరి గంతువేసి పుచ్చుకోవలసిన వరం. అజరయ్య గారు వద్దన్నారు. అప్పటికి ఆయన అఖిల భారత జాతీయ క్రైస్తవ మండలికి అధ్యక్షులు. 1929 నుండి చివరి వరకు ఆ బాధ్యతలో ఉన్నారు. అంతటి స్థానంలో ఉండి, తన సమాజానికి వచ్చిన రాయితీని ఎదిరించి వ్రాశారు. క్రైస్తవ సంఘం ఇంకొక కులంగా మారిపోతుందని, తలలు లెక్కపెట్టుకుని సీట్లు అడిగే గుంపు అవుతుందని, ఇరుగుపొరుగువారికి దూరమై సేవచేసే అర్హత పోగొట్టుకుంటుందని ఆయన వాదం. క్రైస్తవుల్లోనే చాలామంది ఆయనతో ఏకీభవించలేదు. సీట్లు వచ్చాయి, ఎన్నికలూ జరిగాయి. ఆయన మాట నెగ్గలేదు.

అలాగని జాతీయ నాయకులతో అన్నిటా ఏకీభవించారని కూడా కాదు. హరిజనులు గుంపులుగా మతం మారడాన్ని 1930లలో గాంధీగారు గట్టిగా విమర్శించారు. తెలియని పేదలను ప్రలోభపెడుతున్నారన్నది ఆయన బాధ. అజరయ్య గారు అణకువతోనే ఎదురు నిలిచారు. పేదవాడికీ మనస్సాక్షి ఉన్నది, తన మతం తాను ఎంచుకునే తెలివి ఉన్నది, అది లేదనుకోవడమే అతణ్ణి చిన్నచూపు చూడడం అన్నది ఆయన సమాధానం. ఈ వాదంలో ఎవరిది ఒప్పు అన్నది పాఠకులు ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. నా మటుకు నాకు ఇద్దరి బాధలోనూ నిజం కనిపిస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన సీట్లను వద్దన్న మనిషే, గాంధీగారి మాటను కూడా కాదన్నారంటే, ఆయన ఎవరి మెప్పు కోసమూ మాట్లాడలేదని మాత్రం తెలుస్తుంది.

ఆయన చివరి కోరిక క్రైస్తవ శాఖల ఐక్యత. ఇంగ్లండులో ఎప్పుడో వచ్చిన తగాదాలవల్ల మన పల్లెల్లో క్రైస్తవులు విడిపోయి ఉండడం ఆయనకు అర్థం లేనిదిగా తోచింది. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సమావేశమై ఐక్యతకు నాంది పలికారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఆ సమావేశానికి ప్రాణంపోసినవారిలో అజరయ్య గారు ముఖ్యులు. తరువాత పాతికేళ్ళు కమిటీలు, ముసాయిదాలు, సవరణలు. మన సచివాలయం ఫైళ్ళకు ఏమాత్రం తీసిపోని నడక. ఆయన విసుగు చెందక ప్రతి సభకూ వెళ్ళారు, 1930లో లండనులో బిషప్పుల మహాసభలోనూ వాదించారు.

ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. వయసు డెబ్బై. తాను కట్టించిన గుడి పక్కనే సమాధి చేశారు. రెండేళ్ళ తరువాత, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది వారాలకే, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఊరూరా సి.ఎస్.ఐ. చర్చి అని బోర్డు చూస్తాము కదా, అదే. ఆ బోర్డు వెనుక అజరయ్య గారి పాతికేళ్ళ ఓపిక ఉన్నదని మనవలకు చెప్పవచ్చు.

ఆయన జీవితం చదివాక నాకు తోచినవి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది, నాయకుడు తనవాళ్ళకు ఏమి తెచ్చిపెట్టాడన్నది ఒక లెక్క. తనవాళ్ళు ఇతరులకు ఏమి ఇవ్వగలిగేటట్లు చేశాడన్నది ఇంకొక లెక్క. అజరయ్య గారు రెండవ లెక్క చూసుకున్నారు. రెండవది, సాగుతున్న పనిని మధ్యలో వదలి పోవలసి వచ్చినా బెంగపడనక్కరలేదు. చార్జి అప్పగించే నాటికి ఫైలు సక్రమంగా ఉంటే, తరువాత వచ్చినవారు సంతకం చేస్తారు. డెబ్బై దాటిన మనబోటివారికి ఇది ధైర్యం చెప్పే మాట.

డోర్నకల్ మీదుగా ప్రయాణించే మిత్రులు వీలుచేసుకుని ఒక పూట దిగి, పిల్లలతో ఆ గుడిని చూసి రావలసిందిగా కోరుతున్నాను.